1951 షెవర్లే పికప్ ముందు భాగాన్ని మూడు అంగుళాలు దించాలంటే కమాను పట్టీలు తీయాలా, యాక్సిల్ మార్చాలా?

పర్లాకిమిడి పికప్:

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా ఇంట్లో షెవర్లే అర టన్ను పికప్ ఒకటి ఉంది. తలుపు అద్దం పక్కన విడిగా తిప్పుకొనే చిన్న అద్దం ఉండటాన్ని, తలుపు పిడి నొక్కుడు బొత్తాంతో కాక కిందికి తిప్పితే తెరుచుకోవడాన్ని బట్టి ఇది 1951 మోడలని నిర్ధారించుకున్నాను. స్టీరింగ్ కుడివైపు ఉంది. మా తాతగారు 1958లో దీనిని బరంపురంలో కొన్నారు. గుణుపురం వైపు నుంచి వడ్లు, కొండ చింతపండు, పసుపు ఈ బండిలోనే తెచ్చి చిన్న రైలుకు ఎక్కించేవారని నాన్నగారు చెబుతారు. ఇప్పుడు బండి మీద బరువు వేయడం లేదు. ఇంటిల్లిపాదీ ఆప్యాయంగా చూసుకొనే బండి ఇది. నెలకు ఒకటి రెండుసార్లు పాతపట్నం దాకానో, చలికాలంలో ఆర్.ఉదయగిరి దాకానో వెళ్లి వస్తాం.

నా బాధ ఏమిటంటే, బండిని పక్క నుంచి చూసినప్పుడు ముక్కు ఎత్తుకొని నిలబడినట్టు కనిపిస్తుంది. మడ్‌గార్డుకూ ముందు టైరుకూ మధ్య నా చేయి మణికట్టు దాటి దూరిపోతుంది. పాత ఫోటోల్లో ఇదే మోడలు బండ్లు నేలకు దగ్గరగా ఎంతో నిండుగా ఉంటాయి. ముందు భాగం మూడు అంగుళాలు దిగితే చాలునని నా కోరిక.

ఇద్దరు మేస్త్రీలను అడిగితే చెరొక దారి చెప్పారు. కమాను కట్టలోంచి (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగు) నాలుగు పట్టీలు తీసేస్తే బండి దానంతట అదే దిగుతుందని ఒకరన్నారు. పట్టీలేవీ తీయనక్కరలేదు, బండి మీద ఉండగానే గ్యాస్ మంటతో కాల్చితే అవే వంగి దిగుతాయని, గంటలో పని అయిపోతుందని రెండోవారు అన్నారు. ఆ రెండో మాట వినగానే నాకు భయం వేసింది. ఈ విషయంలో అనుభవం ఉన్న పెద్దలు ఏది చేయవచ్చో, ఏది చేయకూడదో చెప్పండి. దించిన తర్వాత స్టీరింగ్ బరువెక్కుతుందా, టైర్లు ఒక పక్క అరుగుతాయా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

బరంపురం కమాను కొలిమి:

తమ్ముడూ, ముందుగా ఆ గ్యాస్ మంట సంగతి. ఎవరు చెప్పినా, ఎంత తక్కువకు చేస్తామన్నా ఒప్పుకోవద్దు. కమాను పట్టీ మామూలు ఇనుము కాదు. దానిని ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరచి, మళ్లీ తక్కువ వేడి మీద కాసేపు ఉంచి దాని పొగరు తగ్గిస్తేనే వంగి తిరిగి నిలబడే గుణం వస్తుంది. గ్యాస్ మంటతో ఒకచోట కాల్చిన క్షణాన అక్కడ ఆ గుణం పోతుంది. ఆ రోజు మీరు కోరిన ఎత్తుకే దిగుతుంది కాని, నెల తిరిగేసరికి ఇంకా కుంగుతుంది, అదీ రెండు పక్కలా సమానంగా కుంగదు. కాలిన చోటికీ కాలని చోటికీ మధ్య గీత దగ్గర పట్టీ పగులుతుంది. విరిగేది ఘాట్ రోడ్డు మలుపులో అయితే యాక్సిల్ (ముందు ఇరుసు) ఒక పక్కకు వెనక్కి జరిగిపోతుంది. ముప్పై ఏళ్లుగా కమాన్ల పనే చేస్తున్నాను, ఇటువంటి పట్టీలు ముక్కలుగా నా దగ్గరికి ఎన్నో వచ్చాయి.

ఇక టైర్ల అరుగుదల గురించి అంత దిగులు అక్కరలేదు. మీ బండిలో రెండు ముందు చక్రాలూ ఒకే ఇనుప దూలం వంటి యాక్సిల్ మీద నిలుస్తాయి. స్ప్రింగు ఎత్తు తగ్గినంత మాత్రాన చక్రం లోపలికో బయటికో వాలదు. చక్రాలు విడివిడిగా ఊగే కొత్త తరం బండ్లలో ఆ చిక్కు వస్తుంది, మీకు రాదు. మీ బండిలో మారేది క్యాస్టర్ కోణం, అంటే ముందు చక్రం కుడి ఎడమలకు తిరగడానికి ఆధారమైన నిలువు కడ్డీ (కింగ్ పిన్) పైభాగం వెనక్కి వాలి ఉండే వాలు. ముక్కు దిగితే ఛాసిస్ (బండి అడుగు చట్రం) మొత్తం ముందుకు వంగుతుంది, దానితోపాటు ఆ వాలు తగ్గుతుంది. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం మీ మోడలుకు 116 అంగుళాలు కనుక, ముందు మాత్రమే మూడు అంగుళాలు దించితే సుమారు ఒకటిన్నర డిగ్రీ పోతుంది. ఆ మేరకు స్టీరింగ్ తేలికవుతుంది కాని, వేగం మీద బండి నిలకడ తప్పుతుంది, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను తిరిగి రావడం మందగిస్తుంది.

అయితే ఏ పట్టీ తీయాలో చెప్పే ముందు నాకు కొన్ని కొలతలు కావాలి. కట్టలో మొత్తం ఎన్ని పట్టీలున్నాయి? అన్నీ ఒకే మందమా, చివర్లు అన్నింటికీ ఒకేలా ఉన్నాయా? యాక్సిల్ పైభాగం నుంచి ఛాసిస్‌కు ఉన్న బంప్ రబ్బరు (యాక్సిల్ పైకి లేచి ఛాసిస్‌కు కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ) దాకా ఎంత ఖాళీ ఉంది? టైరు మీద ఏ సైజు రాసి ఉంది? చివరగా, ఈ బండిలో ఎప్పుడైనా వేరే ఇంజను పెట్టారా? కుటుంబంలో పెద్దవారిని అడిగి చెప్పండి. మూడు అంగుళాల ఎత్తు కంపెనీ ఇచ్చినది కాకపోవచ్చునని నాకు అనుమానంగా ఉంది.

పర్లాకిమిడి పికప్:

అన్నగారూ, మీ ప్రశ్న చదివి నాన్నగారిని అడిగితే ఆయన వెంటనే చెప్పారు. నేను పుట్టకముందు తాతగారు పెట్రోలు ఖర్చు భరించలేక అసలు ఇంజను దింపించి పెర్కిన్స్ డీజిల్ ఇంజను పెట్టించారట. బండి ఆ ఇంజనుతోనే ఇరవై ఏళ్లకు పైగా తిరిగిందట. అసలు ఆరు సిలిండర్ల 216 ఘనపు అంగుళాల ఇంజను మా ధాన్యపు కొట్టులో గోనెపట్టా కప్పి ఉండేది. నాలుగేళ్ల కిందట దానినే బాగుచేయించి తిరిగి ఎక్కించాను. డీజిల్ ఇంజను ఉన్న సంగతి నాకు తెలుసు కాని, దానికీ ముక్కు ఎత్తుకూ సంబంధం ఉంటుందని తోచలేదు.

ఈ రోజు ఉదయం ముందు చక్రాలు తీసి, కట్టను కిరోసిన్‌తో కడిగి చూశాను. ఒక్కో వైపు పది పట్టీలున్నాయి. ఎనిమిదింటి చివర్లు సన్నగా, గుండ్రంగా ఉన్నాయి, మందం సరిగ్గా రెండు నూళ్లు (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు). మధ్యలో ఉన్న రెండు పట్టీల చివర్లు మాత్రం ఉలితో నరికినట్టు నలుచదరంగా ఉన్నాయి. వాటి మందం రెండున్నర నూళ్లు. వాటి అంచు మీద పై పట్టీ ఒరుసుకొని గోరంత లోతు గాడి కూడా పడింది. యాక్సిల్ నుంచి బంప్ రబ్బరుకు 5 అంగుళాల ఖాళీ ఉంది. టైర్లు నాలుగూ 7.00-16 సైజు.

బరంపురం కమాను కొలిమి:

దొరికింది, తమ్ముడూ. మీ బండి ముక్కు ఎత్తింది ఆ డీజిల్ ఇంజను కోసమే. బరువైన ఇంజను పెట్టినప్పుడు ముందు భాగం కుంగిపోతుంది కనుక, ఆ రోజుల్లో మేస్త్రీ ఏ లారీ కట్టలోంచో రెండేసి పట్టీలు కోసి ఇటు ఇరికించారు. అప్పటికి అది సరైన పనే. తర్వాత మీరు ఇంజను తీసేశారు, పట్టీలు మాత్రం ఉండిపోయాయి. వెనుక కమాన్లేమో వడ్ల బస్తాలు మోసి మోసి చదును పడి ఉంటాయి. అందువల్ల ముక్కు మరీ ఎత్తుగా కనిపిస్తోంది.

పట్టీ మందం అర నూలే కదా ఎక్కువ అనుకోవద్దు. పట్టీ బిగువు దాని మందపు ఘనం (మందం × మందం × మందం) లెక్కన పెరుగుతుంది. రెండు నూళ్ల పట్టీతో పోలిస్తే రెండున్నర నూళ్ల పట్టీ దాదాపు రెట్టింపు బిగువుగా ఉంటుంది. అంటే ఆ రెండు పట్టీలూ నాలుగు మామూలు పట్టీలకు సమానం. మీ కట్ట బిగువులో సుమారు మూడో వంతు వాటిదే. గతుకుల్లో ముందు భాగం మొద్దులా కొడుతోందని మీరు రాయలేదు కాని, కొడుతూనే ఉండి ఉంటుంది.

కనుక మీ మేస్త్రీ చెప్పినట్టు నాలుగు పట్టీలు తీయవద్దు. ఆ రెండు పరాయి పట్టీలే తీయండి. కంపెనీ ఇచ్చిన పట్టీలు తీస్తే మిగిలినవాటి మీద భారం పెరిగి, అన్నింటికంటే పైనున్న మెయిన్ పట్టీ తన కన్ను (ఛాసిస్‌కు తగిలించే చివరి చుట్ట) దగ్గర అలిసిపోతుంది. పరాయివి తీస్తే బండి తన సొంత ఎత్తుకు వస్తుంది, అంతే. తీసిన తర్వాత కట్టను విడదీసి ఒక్కో పట్టీని వైరు బ్రష్‌తో రుద్ది, గ్రాఫైటు గ్రీజు పలుచగా రాసి, క్లిప్పులు తిరిగి బిగించాలి. క్లిప్పులు లేకుండా వదిలేసే మేస్త్రీలు ఉంటారు, దగ్గర నిలబడి చూసుకోండి. చక్రం గుంటలో దిగి కట్ట వెనక్కి తన్నినప్పుడు కింది పట్టీలను మెయిన్ పట్టీకి అంటిపెట్టుకొని ఉంచేవి ఆ క్లిప్పులే.

టైర్ల సంగతి కూడా ఉంది. మీ మోడలుకు కంపెనీ ఇచ్చిన సైజు 6.00-16. మీరు వేసినది అంతకంటే పెద్దది. పాత సైజుకు మారితే ఇరుసు మధ్యభాగం సుమారు ఒక అంగుళం కిందికి వస్తుంది. నాలుగూ మార్చండి, అప్పుడు వాలు మారదు. ఆ సైజు జీపు టైర్లు మన బజార్లో దొరుకుతాయి. ట్రాక్టరు ముందు టైర్లు కూడా ఇదే సైజులో ఉంటాయి, చవక కదా అని అవి మాత్రం కొనవద్దు. రోడ్డు వేగానికి చేసినవి కావు.

ఈ రెండూ చేశాక కొలవండి. ఇంకా దించాలని అనిపిస్తే మెయిన్ పట్టీ కన్నును తిరగేయించే పని ఒకటి ఉంది. కన్ను ఇప్పుడు పైకి చుట్టి ఉంటుంది. దానిని కిందికి చుట్టిస్తే కన్ను లోపలి వ్యాసం, పట్టీ మందం కలిపి ఎంతో అంత బండి దిగుతుంది. ఒక అంగుళం కన్ను, రెండు నూళ్ల పట్టీ అయితే అది ఒకటింబావు అంగుళం. కట్ట బిగువు తగ్గకుండా ఎత్తు మాత్రమే తగ్గించే పద్ధతి ఇది. కాని దీనికి మెయిన్ పట్టీ కొత్తగా చేయించి, పాత పట్టీని దాచిపెట్టుకోండి. పాతదానినే సాగదీసి మళ్లీ చుట్టవద్దు.

రాయగడ లేత్ షాపు:

కమాను అన్నగారు చెప్పిన ప్రతి మాటా నిజం. కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టుల గురించి ఒక మాట కలుపుతాను, ఎందుకంటే అక్కడే నేను దెబ్బ తిన్నాను. మీరు ఒక్కో వైపు రెండు పట్టీలు తీస్తే కట్ట మందం 5 నూళ్లు, అంటే అర అంగుళం మీద ఇంకో నూలు తగ్గుతుంది. పాత యూ బోల్టులనే వాడితే నట్టు మరలు అయిపోయిన చోట ఆగిపోతుంది. పానాకు మాత్రం ఎంతో గట్టిగా బిగిసినట్టే తెలుస్తుంది. లోపల కట్ట వదులుగా ఉంటుంది. అప్పుడు యాక్సిల్‌ను పట్టుకొని ఉండేది పట్టీల మధ్య గుండా దిగే వేలెడంత సెంటర్ బోల్టు ఒక్కటే.

నా సొంత జీపుకు ఇదే జరిగింది. ముందు కట్టలోంచి ఒక పట్టీ తీయించాను. పని చేసిన షెడ్డులో పాత యూ బోల్టులే బిగించారు, నేనూ గమనించలేదు. రాయగడ నుంచి పార్వతీపురం వెళ్తుంటే బ్రేకు వేసినప్పుడల్లా బండి ఎడమకు లాగసాగింది. బ్రేకు లైనర్ల దోషం అనుకున్నాను. ఇంటికి వచ్చి టేపు పెట్టి కొలిస్తే ఎడమ చక్రం కుడి చక్రం కంటే నాలుగు నూళ్లు వెనక్కి ఉంది. విప్పి చూస్తే సెంటర్ బోల్టు రెండు ముక్కలై ఉంది. ఆ ముక్కలను ఇప్పటికీ షాపులో అందరికీ చూపిస్తాను. కనుక కొత్త మందానికి సరిపడే పొడవులో కొత్త యూ బోల్టులు, కొత్త నట్లు వేయించండి. పాతవి తీసిన తర్వాత తిరిగి వాడకండి. బండి బరువు చక్రాల మీద ఉండగా, నాలుగు నట్లనూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. వంద కిలోమీటర్లు నడిపాక మళ్లీ ఒకసారి పానా పట్టండి. పట్టీల మధ్య కొత్త గ్రీజు సర్దుకొని నట్లు తప్పక ఇంకాస్త తిరుగుతాయి.

పని మొదలుపెట్టక ముందే ముందు చక్రాన్ని జాకీ మీద ఎత్తి, పైన ఒక చేయి, కింద ఒక చేయి పెట్టి ఊపి చూడండి. కటకటమని ఆడితే, సహాయకుడిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కినా ఆడుతుంటే కింగ్ పిన్ బుష్‌లు అరిగాయి, బ్రేకు తొక్కగానే ఆగితే హబ్ బేరింగ్ వదులైంది. అరిగిన కింగ్ పిన్లతో క్యాస్టర్ కూడా తగ్గితే, ఒక గతుకు తగలగానే ముందు చక్రాలు రెండూ గజగజ వణకడం మొదలుపెడతాయి. బండిని పూర్తిగా ఆపితే తప్ప ఆ వణుకు ఆగదు.

తగ్గిన క్యాస్టర్‌ను తిరిగి తెచ్చుకోవడానికి యాక్సిల్‌కూ కట్టకూ మధ్య వాలు బిళ్ల పెడతారు. మీ బండిలో కట్ట యాక్సిల్ మీద కూర్చుంటుంది కనుక బిళ్ల మందపు వైపు వెనక్కి ఉండాలి. తిరగబడితే ఉన్న వాలు కూడా పోతుంది. ఉక్కు బిళ్లలే వేయండి. పోత అల్యూమినియం బిళ్లలు నలిగి పిండవుతాయి, యూ బోల్టులు మళ్లీ వదులవుతాయి.

స్టీరింగ్ పెట్టె నుంచి చక్రానికి వెళ్లే డ్రాగ్ లింకు కోణాన్ని కూడా చూడండి. స్టీరింగ్‌ను ఒకరు కదలకుండా పట్టుకోగా, మరొకరు ముందు బంపరు మీద ఎక్కి దిగుతూ ఉండాలి. ఆ సమయంలో చక్రాలు కుడికో ఎడమకో మళ్లుతున్నాయా అని మీరు నేల మీద కూర్చొని గమనించండి. పరాయి పట్టీలు తీసినందువల్ల అది మెరుగుపడాలే తప్ప చెడకూడదు, ఎందుకంటే మీరు బండిని దాని పుట్టుక కోణానికి తెస్తున్నారు. కన్ను తిరగేసిన తర్వాత మాత్రం ఈ పరీక్ష తప్పనిసరి.

జయపురం ఘాట్ రోడ్డు:

ఈ చర్చ చదువుతుంటే ఎంతో సంతోషంగా ఉంది. అమెరికాలో ఈ బండ్లను దించేవారు రెండు పద్ధతులు ఎక్కువగా వాడతారు. మీకూ ఎవరైనా వాటిని సూచించవచ్చు కనుక రాస్తున్నాను. మొదటిది డ్రాప్ యాక్సిల్. రెండు చివర్లూ పైకి లేచి, మధ్య దూలం కిందికి ఉండేలా చేసిన యాక్సిల్ అది. కమాన్లు, బంప్ రబ్బరు ఖాళీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, బండి మాత్రం దిగుతుంది. పద్ధతిగా చూస్తే ఇదే మేలైనది. కాని చక్రాలతోపాటు, ఆ రెండింటినీ కలిపే టై రాడ్ కూడా పైకి లేచి కట్టకు తగిలే ప్రమాదం ఉంది, అప్పుడు స్టీరింగ్ ఆర్ములు కూడా మార్చాలి. అక్కడ అమ్మే సామగ్రి ఎక్కువగా ఎడమ స్టీరింగ్ బండ్లకు చేసినది. మన కుడి స్టీరింగ్‌కు అది అలాగే అతుకుతుందని నమ్మి డబ్బు కట్టవద్దు. ఉన్న యాక్సిల్‌నే కాల్చి వంచి ఇస్తామనే వారి దగ్గరికి అసలే వెళ్లవద్దు.

రెండోది ఛాసిస్ ముందు భాగంలో కోత పెట్టి, 1970ల నాటి ఫోర్డ్ మస్టాంగ్ 2 నమూనా ముందు సస్పెన్షన్‌ను వెల్డింగు చేయడం. అది వేగంగా నడిపేవారికి నచ్చుతుంది. మన దేశంలో దీనికి చట్టం కూడా అడ్డు వస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షనును గట్టిగానే సమర్థించింది. 50 ఏళ్లు దాటిన పాత బండ్లకు వింటేజ్ నమోదు కోసం 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనలు కూడా ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేని మూల రూపాన్నే కోరుతున్నాయి. మీ పికప్ ఆర్సీలో ఏ తరగతిలో ఉందో చూసుకొని, అది ఆ నమోదుకు వస్తుందో రాదో ఆర్టీవో కార్యాలయంలో అడగండి. మరొక్క విషయం, తాతగారి కాలంలో ఆర్సీలో ఇంధనం డీజిల్ అని మార్పించి ఉంటే, ఇప్పుడు దానిని పెట్రోలుగా రాయించుకున్నారా? లేకపోతే ముందు ఆ పని చేయండి, పాతపట్నం ఆంధ్రలో ఉంది, అక్కడికి వెళ్లాలంటే రాష్ట్ర సరిహద్దు దాటాలి కదా.

నా దగ్గర కూడా కట్ట కమాన్ల పాత బండి ఒకటి ఉంది. సాలూరు నుంచి కోరాపుట్ వచ్చే సుంకి ఘాట్‌లో నడుపుతాను. ఘాట్‌లో తెలిసింది ఏమిటంటే, బండి ఎంత ఎత్తులో ఉందన్నది కాదు, చక్రం పైకి లేవడానికి ఎంత చోటు ఉందన్నదే ముఖ్యం. మలుపులో బ్రేకు తొక్కితే బరువంతా బయటి వైపు ముందు చక్రం మీదికి వస్తుంది. అక్కడ రోడ్డు అంచు విరిగి ఉంటే యాక్సిల్ రబ్బరును తాకుతుంది, తాకిన క్షణంలో చక్రం పట్టు వదులుతుంది. అందుకని మీరు ఎంత దించినా రబ్బరుకు ఖాళీ మూడు అంగుళాల కంటే తక్కువ కానివ్వవద్దని నా మనవి.

బరంపురం కమాను కొలిమి:

జయపురం వారి మాటకు ఒక పరీక్ష జోడిస్తాను. కట్ట తిరిగి కట్టే ముందు, మెయిన్ పట్టీ ఒక్కటే పెట్టి యాక్సిల్‌ను బిగించండి. ఛాసిస్ స్టాండ్ల మీద ఉండాలి. యాక్సిల్ కింద జాకీ పెట్టి, రబ్బరు తాకే దాకా మెల్లగా లేపండి. మిగిలిన పట్టీలు లేవు కనుక సులువుగా లేస్తుంది. తడిపిన గోధుమ పిండి ముద్దను మడ్‌గార్డు లోపల, టైరుకు ఎదురుగా అంటించి, చక్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పండి. ముద్ద ఎక్కడ నలిగిందో, ఎంత మందం మిగిలిందో అదే మీ ఖాళీ. యాక్సిల్ రబ్బరును తాకక ముందే షాక్ అబ్సార్బర్ లోపల కొట్టుకుంటోందా, కిందికి వేలాడేటప్పుడు బ్రేకు గొట్టం బిగిసిపోతోందా అన్నది కూడా ఇప్పుడే తెలుస్తుంది.

పర్లాకిమిడి పికప్:

పెద్దలందరికీ నమస్కారం. ఇరవై రోజుల తర్వాత రాస్తున్నాను, పని పూర్తయింది.

కింగ్ పిన్ బుష్‌లు రెండు పక్కలా అరిగే ఉన్నాయి. బ్రేకు తొక్కినా చక్రం ఆడింది. బుష్‌లను లేత్ షాపులో కొత్తగా చేయించి, లోపల రీమరుతో తీయించాను. ఆ తర్వాతే కట్టలు దింపాం. పరాయి పట్టీలు నాలుగూ బయటికి తీసి నేల మీద పరిస్తే, వాటి వంపు మిగతా పట్టీల వంపుతో అసలు కలవలేదు. మధ్యలో రెండు వేళ్లు పట్టేంత సందు ఉంది. నాన్నగారు వాటిని పారేయనివ్వలేదు, తాతగారి పేరు రాసి కొట్టులో పెట్టించారు.

పిండి ముద్ద పరీక్ష ఇంట్లో అందరూ చుట్టూ చేరి చూశారు. కుడి చక్రం పూర్తిగా తిప్పినప్పుడు వెనుక అంచు దగ్గర ఒకటింబావు అంగుళం మందం మిగిలింది, ఎడమ వైపు ఇంకా ఎక్కువే ఉంది. షాక్ అబ్సార్బర్లు ఎక్కడా కొట్టుకోలేదు. కొత్త యూ బోల్టులు వేశాను. వంద కిలోమీటర్ల తర్వాత పానా పెడితే, రాయగడ వారు చెప్పినట్టే ప్రతి నట్టూ కాస్త తిరిగింది.

పట్టీలు తీసినందుకు 1¾ అంగుళాలు, టైర్లు మార్చినందుకు ఒక అంగుళం, మొత్తం 2¾ అంగుళాలు దిగింది. కన్ను తిరగేయించే పని ఇక వద్దనుకున్నాను. రబ్బరుకు ఖాళీ 3¼ అంగుళాలు మిగిలింది. కమాన్ల వల్ల దిగిన దానికి లెక్క చూస్తే క్యాస్టర్ ఒక డిగ్రీకి కొంచెం తక్కువగా పోయింది కనుక, ఒక డిగ్రీ ఉక్కు బిళ్లలు మందపు వైపు వెనక్కి ఉండేలా వేయించాను. ఆర్.ఉదయగిరి ఘాట్ ఎక్కి దిగాను. మలుపు తిరిగాక స్టీరింగ్ చేతుల్లోంచి జారుతూ తనంతట తాను నడిమికి వస్తోంది. ముందు గతుకు తగిలినప్పుడల్లా డ్యాష్‌బోర్డు మీది గడియారం గలగలమనేది. ఇప్పుడు అది కూడా వినిపించడం లేదు.

ఆర్సీలో ఇంధనం ఇంకా డీజిల్ అనే ఉంది. ఆ దరఖాస్తు ఇచ్చి వచ్చాను. హెడ్‌లైట్లు మాత్రం మేము మరిచాం. తిరుగు ప్రయాణంలో చీకటి పడేసరికి వెలుగు ఎప్పటికంటే బాగా దగ్గరగా పడి, మలుపు అవతల ఏముందో కనిపించలేదు. ఇంటికి వచ్చి లెక్క వేస్తే, ఆ కొద్ది వాలుకే 25 మీటర్ల దూరంలో వెలుగు 38 సెంటీమీటర్ల దాకా కిందికి దిగుతుందని తేలింది. మరునాటి రాత్రి మా వీధి చివరి బడి గోడకు ఎదురుగా బండి నిలిపి, సుద్దముక్కతో గీత గీసి, లైట్ల మరలు తిప్పి సరిచేశాను. బండి దించుకొనే వారు ఎవరైనా ఆ పని కూడా పగలే పూర్తిచేసుకొని రోడ్డెక్కండి.